మరిది పేరు మీద కార్డు

శివ బండి ఇంటి ముందు ఆగేసరికి ప్రమీల వసారాలో కుట్టు మిషన్ ముందు కూర్చుని ఆశ్రమ పాఠశాల పిల్లల గౌన్లు కుడుతున్నది. రెండువేల ఎనిమిది ఎండాకాలం. చండ్రుగొండలో పొద్దున్నే రోడ్లన్నీ నిర్మానుష్యమైపోయే ఎండలు. ఆ ఎండలో వైరా నుంచి బండి మీద వచ్చాడంటే ఏదో జరిగే ఉంటుందనుకుని ఆమె దారం తెంపి లేచింది.

శివ ఆమెకు మరిది. వైరా దగ్గర బడిలో పంతులు. తండ్రి చిన్నప్పుడే పోతే అన్న పగిడయ్యే అతన్ని పెంచాడు. కొత్తగూడెం రోడ్డు మీద పదిమంది పట్టే జీపులో ఇరవైమందిని కుక్కి తిప్పి, ఆ డబ్బుతో తమ్ముణ్ణి బీఈడీ దాకా చదివించాడు. ఆ పగిడయ్య నిరుడు వానాకాలంలో మలేరియా మెదడుకెక్కి పోయాడు. తలకొరివి పెట్టింది శివే. ఆ రోజునుంచి వదిన బాగోగులు చూస్తున్నదీ, ఖమ్మం హాస్టల్లో ఇంటర్ చదువుతున్న అన్న బిడ్డకు ఫీజు కడుతున్నదీ శివే.

"ఏంది శివా, గింత ఎండల వచ్చినవ్?"

శివ బండి స్టాండు కూడా సరిగ్గా వేయలేదు. ముఖం కందగడ్డలా ఉంది.

"నా పేరు మీద ఎవడో క్రెడిట్ కార్డు తీసిండంట వదినా."

"ఏం కార్డు?"

"అప్పు కార్డు. నేను ఫారం నింపలే, సంతకం పెట్టలే, ఆ బ్యాంకు గడప తొక్కలే. ఇంటి లోన్ కోసమని పోతే మేనేజరు కంప్యూటర్ల చూసి, నీకు లోన్ రాదు సార్, నువ్వు కార్డు వాడుకొని ఎగ్గొట్టినవ్ అన్నడు. ఆడ మా బడి పిల్లల తండ్రులున్నరు. వాళ్ల ముందరనే అన్నడు."

ప్రమీల లోపలికి వెళ్లి కుండలో నీళ్లు ముంచింది. చెంబు అంచు దాకా నింపి, పొర్లుతుంటే చూసి, కొంచెం ఒంపి, తెచ్చి ఇచ్చింది. ఆ చెంబు చేతికిచ్చేటప్పటికే ఆమెకు తెలుసు, ఆ కార్డు తీసింది ఎవరో.

రెండేళ్ల కింద ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. నెలల తరబడి రక్తం పోవడం ఆగక కొత్తగూడెం నుంచి ఖమ్మం తీసుకుపోతే, అక్కడి ప్రైవేటు దవాఖానాలో ముందు పైసలు కట్టాలన్నారు. పగిడయ్య ఎక్కడెక్కడో తిరిగి కొంత తెచ్చి కట్టాడు. ఆఖరికి ఆమెను ఇంటికి పంపే రోజున, కౌంటర్ దగ్గర జేబులోంచి ఒక కార్డు తీసి ఇచ్చాడు. వాళ్లు దాన్ని మిషన్లో గీకి చీటీ ఇస్తే దాని మీద సంతకం పెట్టాడు. ప్రమీల పక్కనే బల్ల మీద కూర్చుని ఉంది. కార్డు మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. అది శివ పేరు.

"గిది శివది కదా?" అన్నది ఆటోలో.

"అవ్, వాడిదే. వదినకు బాలేదంటే తీసి చేతిల పెట్టిండు. నువ్వు మాత్రం వాడితోని అనకు. చేసింది చెప్పుకునేటోడు కాదు, సిగ్గుపడతడు."

ఆమె నమ్మింది. నమ్మి, మరిది ఇంటికొచ్చిన ప్రతిసారీ ఒక ముద్ద ఎక్కువే పెట్టింది. అనొద్దన్నాడు కాబట్టి ఏనాడూ అనలేదు.

ఇప్పుడు శివ గటగటా నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు. "ఎవడో దొంగ నాకొడుకు. వాణ్ణి పట్టుకునేదాక నాకు నిద్ర లేదు," అన్నాడు. ఆమె నోరు తెరిచింది. "అన్నం తినిపో," అన్నది.

*

బ్యాంకు వాళ్లు అంత తేలిగ్గా ఏమీ చెప్పలేదు. శివ సెలవుల్లో ఖమ్మం చుట్టూ తిరిగాడు. ఈ ఖాతా నాది కాదని రాసిచ్చాడు. ఆ ఫారం నకలు చూపించమన్నాడు. హైదరాబాదు నుంచి తెప్పించాలన్నారు. తెప్పించారు. ఫారం మీద ఉన్నది శివ ఫోటోయే, జతచేసింది శివ జీతం కాగితమే. సంతకం మాత్రం శివది కాదు, శివ సంతకంలా ఉండాలని పెట్టినది. కార్డు పంపిన చిరునామా ఖమ్మంలో ఏదో జీపు సామాన్ల దుకాణం. ఆ దుకాణం ఎప్పుడో ఎత్తేశారు. ఫారం అడుగున దాన్ని తెచ్చిన ఏజెంటు పేరుంది, ఉబేద్ అని.

ఇదంతా శివ ఫోన్లో చెబుతుంటే ప్రమీల ఊఁ కొడుతూ విన్నది. ఫోటో, జీతం కాగితం ఎక్కడివో కూడా ఆమెకు తెలుసు. జీపు ఫైనాన్సుకు తమ్ముడు పూచీపడి జమానతు ఉన్నప్పుడు పగిడయ్య రెండు జతలు తీసుకున్నాడు. ఒక జత మిగిలింది. ఆ మిగిలిన జత ట్రంకు పెట్టె అడుగున ఉండేది. ఆపరేషన్ అయ్యాక చీరలు సర్దుతుంటే అది కనిపించలేదు. అప్పుడు ఆమె పట్టించుకోలేదు.

చెప్పాలని ప్రతిసారీ అనుకునేది. ఫోను పెట్టేశాక అనుకునేది. చెబితే శివ బిడ్డ ఫీజు ఆపేస్తాడేమోనని కాదు, అలాంటివాడు కాదు. దేవుడిలా చూసుకున్న అన్నను తమ్ముడి కళ్ల ముందు దొంగను చేయడానికి నోరు రావడం లేదు. తను బతికింది ఆ కార్డుతో. ఆయన చనిపోయాడు, వచ్చి చెప్పుకోలేడు. తను చెప్పడమంటే ఆయన్ని పోలీసులకు పట్టించినట్టే అనిపించేది.

ఒక సాయంత్రం శివ మళ్లీ ఫోన్ చేశాడు.

"వదినా, ఆ ఏజెంటు పోరడు దొరికిండు. ఏమంటున్నడో తెలుసా? ఫారం మా అన్న తెచ్చిండంట. చచ్చిపోయినోని మీదికి తోస్తున్నడు. పైనుంచి, మీ వదిన ఆపరేషన్ కోసమన్నడు, కావాల్నంటే ఆమెనే అడుగుండ్రి అంటున్నడు. నువ్వు రేపు రా. వాడి మొహం మీద చెప్పు."

*

పొద్దున్నే ఖమ్మం బస్సెక్కింది. బస్టాండులో శివ కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ ఆటోలో ఖిల్లా కిందికి వెళ్లి, ఒక ఇరుకు సందులో దిగారు. రేకుల ఇల్లు. వాకిట్లో ఒక పెద్దామె బొంతలు కుడుతున్నది. ఉబేద్ తల్లి అమీరున్నీసా. వీళ్లను చూసి లేచి, లోపలికి కేకేసింది. ఉబేద్ వచ్చాడు. పాతికేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, ఆఫీసు బూట్లు వేసుకుని పనికి బయలుదేరుతున్నట్టున్నాడు.

"సార్, నేను అబద్ధం చెప్తలేను," అన్నాడు శివతో. "పగిడన్న మా గల్లీల అందరికి ఎరుకే. మా అబ్బా పోయినప్పుడు మయ్యత్‌కి చుట్టాలను తన జీపుల ఊరికే తోలిండు. ఆయన ఫారం తెచ్చి, మా తమ్ముడు బడికి పోయిండు, సంతకం పెట్టి ఇచ్చిండు అంటే తీసుకున్న. మనిషిని చూడకుండ తీసుకునుడు తప్పే. మాకు టార్గెట్ ఉంటది సార్, నెలాఖరు. కని ఆ సంతకం నేను పెట్టలే."

"మా అన్న గట్లాంటోడు కాదు," అన్నాడు శివ.

ఉబేద్ ప్రమీల వైపు తిరిగాడు. "అక్కా, మీకు ఆపరేషన్ అయింది కదా? ఆ పైసలు ఎక్కడివో మీరే చెప్పుండ్రి."

సందులో ఇద్దరు ముగ్గురు ఆగారు. శివ ఆమె కళ్లలోకి చూస్తున్నాడు. "చెప్పు వదినా. అన్న గిట్ల చేస్తడా?"

అప్పుడు కూడా చెప్పొచ్చు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు అదే అనిపించేది, అప్పుడు కూడా చెప్పి ఉండొచ్చని. కానీ శివ మొహం చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే అన్న భుజమ్మీద పడుకున్న పిల్లాడి మొహం అది, తను కాపురానికొచ్చిన కొత్తలో చూసింది.

"చెయ్యడు," అన్నది. "ఆయన గట్ల చెయ్యడు."

"మరి పైసలు అక్కా?"

"నా గొలుసు అమ్మినం."

నోట్లోంచి అంత సాఫీగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఉబేద్ చెవులు ఎర్రబడ్డాయి. అమీరున్నీసా చేతిలో సూది అలాగే పట్టుకుని ప్రమీలను చూస్తూ నిలబడ్డది. ప్రమీల కొంగు సర్దుకుని ఆటో వైపు నడిచింది.

ఆ మధ్యాహ్నమే శివ పోలీస్‌స్టేషన్లో దరఖాస్తు ఇచ్చాడు.

*

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఉబేద్‌ను స్టేషనుకు పిలిపించి రెండు రోజులు కూర్చోబెట్టారు. కొట్టారా అని ఆమె అడిగితే, "ఏమో, కొట్టే ఉంటరు," అన్నాడు శివ, పెద్దగా పట్టించుకోనట్టు. ఏజెంట్లను పెట్టుకున్న ఆఫీసు వాళ్లు అతన్ని తీసేశారు. రావలసిన కమీషను ఆపేశారు. రోజూ స్టేషనుకొచ్చి సంతకం పెట్టి పొమ్మన్నారు.

ప్రమీల గౌన్లు కుడుతూనే ఉంది. ఒక రోజు గౌనుకు ఒకే పక్కన రెండు చేతులూ కుట్టేసి విప్పింది. అన్నం సహించడం లేదు. పక్కింటి గంగక్క చూసి, "ఏంది ప్రమీలా, మళ్ల పాత నొప్పేనా? దవాఖానాకు పోదాం పా," అన్నది. దవాఖానా మాట వినగానే ఆమె వద్దక్కా అని లోపలికి వెళ్లిపోయింది. మిషన్ పెడల్ మీద కాలు పెడితే ఆ పెద్దామె చేతిలోని సూది గుర్తొచ్చేది. కొడుకు స్టేషన్లో ఉంటే ఆమె ఆ బొంత కుడుతుందా, పక్కన పడేస్తుందా అని ఆలోచించేది. కుడుతూనే ఉంటుంది, కుట్టకపోతే గడవదు కదా అని తనే జవాబు చెప్పుకునేది.

ఒకసారి పగిడయ్య ఫోటో ముందు నిలబడి పైకే అడిగింది: "నాకన్న చెప్పొద్దా?" ఇన్నాళ్లకు ఆయన మీద మొదటిసారి కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు మళ్లీ ఏడ్చింది.

వానలు మొదలయ్యాయి. పగిడయ్య సంవత్సరీకం వచ్చింది. శివ, అతని భార్య నాగలక్ష్మి, హాస్టల్ నుంచి బిడ్డ, ఊళ్లోవాళ్లు కొందరు వచ్చారు. జీపు స్టాండులో పగిడయ్యతో తిరిగిన డ్రైవర్లు నలుగురు తడుసుకుంటూ వచ్చి వసారాలో కూర్చున్నారు. ఫోటోకు దండ వేశారు. కోడికూర వండి, ఆయనకు ఇష్టమైన సీసా కూడా పక్కన పెట్టారు.

శివ ఫోటో ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అగరొత్తులు వెలిగించి, దండం పెట్టి, అందరూ వినేటట్టే అన్నాడు:

"అన్నా, నీ మీద నింద మోపినోణ్ణి స్టేషన్ల కూసోబెట్టిన. నీ పేరు పోనియ్యలే."

డ్రైవర్లు తలలూపారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ప్రమీల చేతిలో విస్తరి ఉంది. దాన్ని అలాగే గోడకు ఆనించి పెట్టి, పెరట్లోకి వెళ్లి బోరింగు దగ్గర కూలబడ్డది.

తిన్నవాళ్లంతా వెళ్లేదాకా ఆగింది. బిడ్డను గంగక్క ఇంటికి గిన్నెలిచ్చి రమ్మని పంపింది. శివ చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వస్తే తనే కొట్టి నీళ్లు పోసింది.

"శివా, నేను గొలుసు అమ్మలే."

"ఏంది?"

"నాకు అమ్మేటంత గొలుసు ఎన్నడున్నది? ఆ కార్డు తీసింది మీ అన్ననే. దవాఖానాల గీకింది నేను కళ్లార చూసిన. నీ పేరున్నది దాని మీద. నువ్వే ఇచ్చినవన్నడు, నమ్మిన. నువ్వు ఎండల పడి వచ్చిన దినం ఎరుకైంది నాకు, గది నువ్వు ఇచ్చింది కాదని."

శివ తడి చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "అంటే ఆ పోరని ఇంటి ముందట..." అన్నాడు.

"అవ్. అబద్ధం ఆడిన."

"నువ్వు చెయ్యడన్నవ్ వదినా. నువ్వు చెయ్యడంటే నేను స్టేషనుకు పోయిన."

"అవ్."

"నన్ను అడిగితే ఇయ్యకపోదునా!" అని అరిచాడు. లోపల నాగలక్ష్మి గిన్నె చప్పుడు ఆగిపోయింది. "వదినకు గట్ల ఉన్నదంటే నేను ఇయ్యకపోదునా? సొంత తమ్ముణ్ణి! దొంగతనంగ నా సంతకం..."

మాట మధ్యలోనే ఆగిపోయాడు. ప్రమీల తల ఎత్తలేదు. తను ఏమీ అననక్కర్లేకుండానే అతనికి గుర్తొచ్చిందని ఆమెకు తెలిసింది. జీపు కిస్తీలు రెండు నెలలు ఆగితే ఫైనాన్సు వాళ్లు శివ బడికి వచ్చి పిల్లల ముందు నానా మాటలూ అన్నారు. ఆ ఆదివారం శివ వచ్చి ఇదే పెరట్లో అన్నతో గొడవపడ్డాడు. ఇంకోసారి నా దగ్గరికి కాగితాల కోసం, పైసల కోసం రాకు అన్నాడు. ఆమెకు రక్తం పోవడం మొదలైంది ఆ నెలలోనే.

శివ బోరింగు గద్దె మీద కూర్చున్నాడు. వాన సన్నగా పడుతున్నది. ఇద్దరూ లోపలికి వెళ్లలేదు.

*

మర్నాడు ఇద్దరూ ఖమ్మం వెళ్లారు. స్టేషన్లో ప్రమీల జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎస్సై ఆమెను కాదు, శివను తిట్టాడు.

"పంతులువు, కొంచెమన్న ముందెనక చూసుకోవా? సంతకం పెట్టినోడు చచ్చిపోయిండు. ఇప్పుడు నేను ఎవరిమీద రాయాలె?" ఆమె వైపు తిరిగి, "నువ్వు ఆ దినమే చెప్పి ఉంటే ఆ పోరనికి ఈ తిప్పలు తప్పేటివి కదమ్మా," అన్నాడు మామూలు గొంతుతో. ఆ మామూలు గొంతు ఆమెకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

శివ దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. ప్రమీల చెప్పింది రాసుకుని ఆమె చేత సంతకం పెట్టించారు. ఆ నకలూ, పగిడయ్య చావు సర్టిఫికెట్టూ బ్యాంకులో ఇస్తే, అక్కడి మేనేజరు పైవాళ్లకు పంపుతానన్నాడు. ఆయన పంపడం, వాళ్లు మళ్లీ అడగడం, శివ తిరగడం దసరా దాటేదాకా నడిచింది. ఆఖరికి ఆ ఖాతా శివది కాదని ఒప్పుకుని మూసేశారు. అతని పేరు మీది మచ్చ తీసేశారు. దవాఖానాకు పోయిన డబ్బు కట్టేస్తానని ప్రమీల బ్యాంకులో అడిగింది. పేరు లేని ఖాతాలో ఎలా కట్టించుకోవాలో వాళ్లకు తెలియలేదు. వద్దన్నారు.

కానీ స్టేషన్ నుంచి బయటికి వచ్చిన ఆ రోజే ఆమె ఖిల్లా కిందికి వెళ్లింది. శివ వస్తానంటే, "నువ్వు తర్వాత పో. ముందు నేను పోవాలె," అన్నది.

ఉబేద్ ఇంట్లో లేడు. అమీరున్నీసా వాకిట్లో ఉంది. ప్రమీలను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. ప్రమీల నిలబడే చెప్పింది. స్టేషన్లో చెప్పినట్టే, ఏదీ దాచకుండా. వంగి కాళ్లు పట్టుకోబోతే ఆ పెద్దామె కాళ్లు వెనక్కి లాక్కున్నది.

"గట్ల చెయ్యకు," అన్నది. "నువ్వు గొలుసు అన్ననాడే నాకు సమజైంది. అమ్ముకున్న గొలుసు ఎట్లుండేదో చెప్పకుండ ఏ ఆడది ఉండదు. నువ్వు ఒక్క ముక్కతోని ఆపినవ్," అన్నది.

"మరి ఆ దినమే ఎందుకు అనలేదమ్మా?"

"నువ్వు చెప్తవని చూసిన. రేపు చెప్తది, ఎల్లుండి చెప్తది అనుకుంట. స్టేషన్ల నా బిడ్డ ఉన్న రెండు దినాలు గూడ చూసిన, ఎప్పుడొస్తవో అని."

ప్రమీల వాకిట్లో నేల మీద కూర్చున్నది.

"మా వాడి తప్పు లేదనలే," అన్నది అమీరున్నీసా. "మనిషిని చూడకుండ ఫారం తీసుకునుడు తప్పే. అందుకే నౌకరీ పోయింది అనుకుంట. కని పోలీసోళ్ల చేతుల పడుడు మాత్రం వాడి తప్పుకు కాదు. అది నువ్వు మోయాలె. నేను మాఫ్ చేసిన అంటే నీ బరువు దిగి నీకు అల్కగైతది. నేను ఇప్పుడైతే అనలేను బేటీ."

బేటీ అన్నది, క్షమించానని అనలేదు. ప్రమీల లేచి, దండం పెట్టి వచ్చేసింది. తర్వాత శివ కూడా వెళ్లి, ఉబేద్ చేతులు పట్టుకున్నాడట. ఏజెంట్ల ఆఫీసుకు వెళ్లి వాళ్లకు అంతా చెప్పాడు. వాళ్లు మళ్లీ పెట్టుకోలేదు. శివ తనకు తెలిసిన సెల్‌ఫోన్ల దుకాణంలో చెబుతానంటే, ఉబేద్ వద్దు సార్ అన్నాడు. తనే ఎక్కడో వెతుక్కున్నాడు.

*

ఇంటి లోన్ ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడు వచ్చింది. వైరాలో ఇంటి పునాదికి ముగ్గు పోసే రోజు శివ ఫోన్ చేసి రమ్మన్నాడు. నాగలక్ష్మి వంటింట్లోకి రానిచ్చింది గానీ సరిగ్గా మాట్లాడలేదు. ప్రమీల అందుకు ఏమీ అనుకోలేదు. కూరగాయలు తరిగి, వచ్చినవాళ్లకు వడ్డించింది.

సాయంత్రం బస్టాండు దాకా శివ దింపాడు. ఆ పెరట్లో మాట్లాడిన తర్వాత ఇద్దరూ పనికి సంబంధించిన మాటలే మాట్లాడుకుంటూ వచ్చారు. బిడ్డ ఫీజు మాత్రం ఏనాడూ ఆగలేదు. బస్సు రాలేదింకా. శివ బండి మీంచి దిగకుండానే అడిగాడు.

"వదినా, ఒకటి అడుగుత. నిజం చెప్పు. పెరట్ల గొడవైన ఆ నెలల అన్న నన్ను తిట్టుకున్నడా?"

ఆమెకు ఒక్క క్షణం లేదని చెబుదామనిపించింది. అతనికి కావాల్సింది ఆ మాటేనని తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అవ్," అన్నది. "ఒకసారి తిట్టిండు. చదివిచ్చింది గిందుకేనా అన్నడు. మళ్ల రాత్రి ఏడ్చిండు. వాడు మాత్రం ఏం చేస్తడు, బళ్లె వాని పరువు తీసిన కదా అన్నడు."

శివ తల వంచుకుని బండి హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కలేదు. ఎక్కండమ్మా అని కండక్టర్ అరిచాడు. తర్వాతి బస్సుకు వస్తానని చెయ్యి ఊపి, మరిది పక్కన అలాగే నిలబడ్డది.